శిలాభూములు – మిత్రయాత్ర – ఛాయాచిత్రము
(ఖమ్మము, భద్రాచల అరణ్యసీమను గూర్చిన పరిశీలనము)

1. ప్రస్తావన

మహాకావ్యమునకు మన ఆలంకారికులు విధించిన అష్టాదశ వర్ణనలలో శైలమును ప్రయాణమును రెండును గలవు. ఐనను ప్రబంధములలోని శైలవర్ణనలను వరుసగా చదువువారికి ఒక విషయము తోచకపోదు. శిఖరములు, సెలయేళ్ళు, గైరికాది ధాతువులు, సిద్ధమిథునములు, మేఘములు ఏ కొండకైనను ఒక్కటియే. కవి సమయము సిద్ధముగా నున్నది గనుక కొండను చూడకుండియు వర్ణింపవచ్చును. ఛాయాచిత్రము దీనికి సరిగా ఎదుటి కొసన నిలిచినది. అది ఒక కొండను, ఒక ప్రక్కనుండి, ఒక దినమున, ఒక గడియయందు మాత్రమే చూపగలదు. సామాన్యమైన కొండను చూపుట దానికి సాధ్యము కాదు.

అయితే ఛాయాచిత్రమున కొక పెద్ద కొఱత గలదు. అది రూపమును చూపును గాని పేరు చెప్పదు. ఆ రాతిని అక్కడివారు గుండు అందురో బండ అందురో, దాని క్రింద ఏ దేవతకు పూజ జరుగునో, ఏ వరదకు అది మునిగెనో చిత్రమున కానరాదు. ఈ కొఱతను తీర్చునది భాషయే. చిత్రమును మాటయు కలిసినప్పుడే పరిశోధకునకు పనికివచ్చు ఆధారము ఏర్పడును. ఒకటి లేక మఱియొకటి ఉన్నచో ఎట్టి పొరపాటులు కలుగునో, రెండును కలుపుటకు మిత్రబృందముగా చేయు యాత్ర ఎట్లు తోడ్పడునో ఖమ్మము, భద్రాచల అరణ్యసీమను ఉదాహరణముగా గొని వివరించుట ఈ వ్యాసోద్దేశము. ఈ సీమనే ఎన్నుకొనుటకు కారణము గలదు. ఇచ్చటి శిలాభూములలో కొంత భాగము మనము చూచుచుండగనే నీటిలోనికిని, కొంత భాగము రాతిగనులలోనికిని పోవుచున్నది.

2. సీమాస్వరూపము

ఖమ్మము పట్టణమునుండి ఈశాన్యముగా కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలమునకు పోవు బాటసారి ఒక్క దినములో మూడు వేర్వేఱు శిలాజాతులను దాటిపోవును. ఖమ్మము చుట్టు నున్నవి దక్కను పీఠభూమికి మూలమైన నల్లసేనపు రాళ్ళు, వానితో కలిసిన పలకరాళ్ళు. వీని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. భూమిలోపల పగుళ్ళవారిన ఈ రాతియందు నీరు దిగి, మూలలను మొదట తినివేయుటచే చదరపు దిమ్మలు గుండ్రనగును. పైమట్టి కొట్టుకొనిపోయిన పిమ్మట అవి ఒకదానిపై నొకటి పేర్చినట్లు నిలుచును. ఇట్టి గుట్టపైననే ఖమ్మము కోట గలదు. కోటగోడలకు కొండయే పునాది, కొండయే గని.

కొత్తగూడెము, ఇల్లెందు ప్రాంతములకు వచ్చునప్పటికి గోండ్వానా జాతి ఇసుకరాళ్ళు కానవచ్చును. ఇవి గోదావరి వెంబడి భూమి క్రుంగి ఏర్పడిన దీర్ఘమైన పల్లమునందు నదులు తెచ్చి నింపిన ఇసుకయే. భూశాస్త్రశాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు చెంత బొగ్గును గుర్తించినది 1871లో. గోదావరీలోయ భూశాస్త్రముపై ఆయన రచించిన గ్రంథము 1881లో వెలువడెను. ఇసుకరాయి పొరలు పొరలుగా నుండును. మెత్తని పొర అరిగి గట్టి పొర ముందునకు పొడుచుకొనివచ్చుటచే సహజముగా పంచలు ఏర్పడును. ప్రాచీనమానవుడు తలదాచుకొన్నదియు, బొమ్మలు వ్రాసినదియు ఎక్కువగా ఇట్టి పంచల క్రిందనే.

భద్రాచలము దాటి కూనవరమువద్ద శబరి గోదావరిలో కలిసిన పిమ్మట తూర్పుకనుమలు ఎదురగును. ఇచ్చటి రాయికి ఖోండలైటు అని పేరు. 1902లో వాకర్ అను శాస్త్రజ్ఞుడు ఒడిస్సాలోని ఖోండు జాతి పేరుమీదుగా ఈ నామకరణము చేసెను. అనగా ఒక రాతిజాతికి ఒక గిరిజనుల పేరు శాస్త్రమున శాశ్వతమైనదన్నమాట. గోదావరి ఈ కొండలను చీల్చుకొని పోవు ఇఱుకు లోయయే పాపికొండలు. స్త్రీల తలపాపిడివలె నది కొండలను రెండుగా చేయుటచే ‘పాపిడికొండలు’ అను పేరు వచ్చినదని జనవ్యుత్పత్తి. ఆంగ్లేయులు వీనిని అడవిదున్నల పేరిట ‘బైసన్ హిల్స్’ అనిరి. ఒకే కొండను ఒకరు తలకట్టుతోడను, ఒకరు వేటతోడను గుర్తించుకొనిరి.

3. మాఱిన చిరునామాలు

చిత్రముక్రింద ఊరిపేరును జిల్లాపేరును వ్రాసినచో చాలునని కొందఱు తలంతురు. ఈ సీమయందు అది చాలదు. ఎడమగట్టునందలి రేకపల్లి ప్రాంతమును తీసికొందము. 1860లో నిజాము ఆంగ్లేయులకు వదలిన భూభాగములో చేరి ఇది మధ్యపరగణాల ఎగువగోదావరి జిల్లాలో నుండెను. 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మాఱెను. 1925లో ఆ జిల్లా తూర్పుగోదావరి అయ్యెను. 1953లో వరంగల్లునుండి వేఱుపడిన ఖమ్మము జిల్లాలోనికి భద్రాచలము తాలూకా 1959లో వచ్చెను. 2014లో పోలవరము ముంపునకు సంబంధించిన మండలములతోపాటు ఇది ఆంధ్రప్రదేశమున కలిసి మరల తూర్పుగోదావరి అయ్యెను. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరెను. భద్రాచలము పట్టణము మాత్రము తెలంగాణములోనే నిలిచి, 2016లో ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెము జిల్లాకు చెందెను.

నూటయఱువది యేండ్లలో ఒకే బండకు ఇన్ని చిరునామాలు. కాబట్టి 1930 నాటి చిత్రమును, 1965 నాటి చిత్రమును, నేటి చిత్రమును పోల్చువాడు జిల్లాపేరును నమ్మిన దారి తప్పును. నది, ఉపనది, రేవు, గుట్ట యను నాలుగింటిని పట్టుకొన్నవాడే స్థలమును చేరును. అక్షాంశ రేఖాంశములను గుర్తించు సాధనములు నేడు చేతిఫోనులోనే గలవు. వానిని వ్రాయుట మంచిదే. కాని అవి స్థలమును చెప్పును గాని స్థలనామమును చెప్పవు.

4. మల్హేరన్ చిత్రములు: ఒక పాఠము

ఈ సీమయందలి రాతికట్టడములను మొట్టమొదట ఛాయాచిత్రములుగా గ్రహించినవారిలో సర్వేశాఖకు చెందిన మల్హేరన్ ముఖ్యుడు. 1860ల దశకమున గోదావరీ తీరారణ్యములలో భూమిని కొలుచుచు ఆయన కాటాపురము మున్నగు చోట్ల అసంఖ్యాకములైన రాతిగూళ్ళను, శిలువ ఆకారమున నిలిపిన రాళ్ళను చూచెను. చిత్రములు తీసి, వృత్తాంతమును వంగదేశపు ఏషియాటిక్ సొసైటీకి పంపెను. అది 1868లో ప్రకటితమయ్యెను. 1872లో జేమ్స్ ఫెర్గుసన్ సర్వదేశములందలి మోటు రాతికట్టడములనుగూర్చి రచించిన ప్రసిద్ధ గ్రంథమున వీనిని చేర్చెను.

ఆ కాలమున వాడుకలో నున్నది తడిపలక పద్ధతి. గాజుపలకకు ద్రావకమును పూసి, అది ఆఱకముందే చిత్రము తీసి, అప్పటికప్పుడే చీకటిగుడారమున కడుగవలెను. సీసాలు, పలకలు, గుడారము, నీళ్ళకుండలు మోయుటకు మనుష్యులు కావలెను. అడవిలో ఒంటరిగా ఛాయాచిత్రము తీయుట అసంభవము. కాని ఆ మోసినవారి పేళ్ళుగాని, ఆ రాళ్ళను వారేమనిరో ఆ మాటగాని మనకు చిత్రములతోపాటు ప్రచారమునకు రాలేదు.

దాని ఫలమును చూడుడు. ఫెర్గుసన్ గ్రంథమున ఈ స్థలము ‘నిర్మల అడవి’గా కనబడును. కాటాపురము నేటి ములుగు జిల్లా తాడ్వాయి ప్రాంతమునందలిది. నిర్మల పట్టణము గోదావరికి ఎగువన ఎంతో దూరమున నున్నది. రెండవ పొరపాటు ఇంతకంటె గొప్పది. శిలువ ఆకారమును చూచిన ఫెర్గుసన్ వానిని క్రైస్తవచిహ్నములుగా భావించి, ఈ అరణ్యమున పూర్వమొక క్రైస్తవసమాజ ముండెనను ఊహకు పోయెను. తరువాతివారు స్థలమునకు పోయి, దొంగతోగు, జానంపేట మున్నగు చోట్లనున్న ఇట్టి శిలలతో పోల్చి చూడగా అవి శిలువలు కావనియు, చేతులు చాచిన మానవాకృతులనియు, కొన్నింటియందు స్త్రీత్వమును సూచించు గుఱుతులు కూడ గలవనియు తేలెను. అవి ఇనుపయుగపు సమాధులచెంత నిలిపిన ప్రతిమలు.

ఇందు మల్హేరన్ దోషము లేదు. ఆయన చిత్రములు యథార్థములు. వానిని దూరదేశమున చూచినవానికి తోడుగా స్థలనామము సరిగా లేదు, స్థానికుల మాట లేదు, ప్రక్కరాయి చిత్రము లేదు. కావుననే కన్ను తనకు పరిచితమైన ఆకారమును అందు చూచెను. ఒక్క చిత్రము ఒక్క సాక్షివంటిది. ఒక్క సాక్షి మాటపై తీర్పు చెప్పరాదు.

ఈ భూములింకను కొత్త విషయములను చెప్పుచునే యున్నవి. గుండాల మండలమునందలి డామరతోగువద్ద దేవర్లబండ మూల అను చోట శిలాచిత్రములు గలవనియు, తాడ్వాయి మండలమున బండల గ్రామసమీపమునందలి ఊరగుట్టపై రెండువందలకు పైగా సమాధికట్టడములు గలవనియు 2024లో వెల్లడియయ్యెను. దేవర్లబండ అను పేరు గమనింపదగినది. ఆ బండపై బొమ్మలున్నవని పండితులు చెప్పకమునుపే అది దేవతలదని ఊరివారికి తెలియును. పేరు అడిగినవాడు బొమ్మలను త్వరగా చేరును.

5. రాతిమాటలు

ఈ సీమలో రాతిని చెప్పు మాటలు విస్తారముగా గలవు. తెనుగు విద్యార్థి ఛాయాచిత్రయాత్రకు పోవలసినది ముఖ్యముగా వీనికొఱకే. కోస్తావారు కొండ అనుచోట తెలంగాణమువారు సాధారణముగా గుట్ట అందురు. ఒంటిగా గుండ్రముగా నిలిచినది గుండు. నేలపై పఱచుకొని పడియున్నది బండ. చెట్టుచేమ లేనిది బోడగుట్ట. కొండప్రక్క చఱియ. రెండు కొండలనడుమ దారి కనుమ. రాతిపై సహజముగా ఏర్పడిన నీటిగుంట దొన. చీలిక నెఱియ. అడవిలోని చిన్న ప్రవాహము ఒఱ్ఱె, దానికంటె పెద్దది వాగు. కోయల ఊళ్ళలో ఇదే అర్థమున తోగు అను మాట వినబడును. దొంగతోగు, డామరతోగు అను గ్రామనామములలో నున్నది ఇదియే. నదిగట్టు భూమికి గొమ్ము అని పేరు. గట్టున నివసించువారు గొమ్ముకోయలు, కొండపై నుండువారు గుట్టకోయలు. భూమిస్వరూపమే ఇట జనవిభాగమునకు పేరైనది. స్టీఫెన్ టైలర్ 1969లో ప్రకటించిన కోయభాషా వ్యాకరణము ఈ గొమ్ముకోయల పలుకుబడిని గూర్చినదే.

ఖమ్మము అను పేరు కూడ రాతిమాటయే. స్తంభమునకు తద్భవము కంబము. నిజాము కాలపు వ్రాతలలో ఈ పట్టణము ‘ఖమ్మంమెట్టు’ అని కలదు. పట్టణమునందలి నృసింహాలయము వెలసిన గుట్టకు స్తంభాద్రి అని పౌరాణికనామము. పండితుడు స్తంభాద్రి అనును, గుమాస్తా ఖమ్మంమెట్టు అనెను, జనులు ఖమ్మము అందురు. ఒక్క గుట్ట చిత్రమునకు మూడు పేళ్ళును వ్రాయవలసియున్నది.

శిల్పశాస్త్రము రాతిని ధ్వనినిబట్టి పురుషశిల, స్త్రీశిల, నపుంసకశిల అని విభజించును. సుత్తితో తట్టినప్పుడు కంచువలె మ్రోగునది ఒకటి, మెత్తగా పలుకునది ఒకటి, పలుకనిది ఒకటి. నేటికిని రాతిపనిచేయు వడ్డెరలు తట్టి చూచి పగులును కనిపెట్టుదురు. ఈ జ్ఞానము కంటికి సంబంధించినది కాదు. చెవికి, చేతికి సంబంధించినది. ఛాయాచిత్రమున కిది అందదు. 1962లో ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున వ్యవసాయపదములతో ఆరంభమైన మాండలికవృత్తిపదకోశముల పద్ధతిని రాతిగనుల పనివారియొద్దకు చిత్రములతోకూడ కొనిపోయినచో చక్కని ఫలితము కలుగును.

6. కథగా మాఱిన శిల

ఈ సీమలో పేరులేని రాయి అరుదు, కథలేని పేరు ఇంకను అరుదు. భద్రాచలమున కొండయే భక్తుడు. మేరుపుత్రుడైన భద్రుడు తపస్సు చేసి కొండగా నిలిచి శ్రీరాముని శిరమున ధరించెనని స్థలపురాణము. పదునేడవ శతాబ్దిలో కంచర్ల గోపన్న కట్టించిన ఆలయము ఆ భక్తుని తలపైననే యున్నదని విశ్వాసము. దుమ్ముగూడెము ఖరదూషణాది రాక్షసుల చితాభస్మము పడిన చోటు. ఏటపాక జటాయుపాక. రేకపల్లి జటాయువు ఱెక్క పడిన పల్లె. పర్ణశాలవద్ద సీతమ్మవాగులో పసుపు, ఎఱుపు వన్నెల రాళ్ళను సీత పసుపుకుంకుమలనియు, బండపై చారలను ఆమె ఆఱవేసిన నారచీరల గుఱుతులనియు చూపుదురు. ఆవలిగట్టున రావణుడు రథము నిలిపిన రథపుగుట్ట.

రాతియందలి ఇనుము గాలికి నీటికి మాఱి పసుపు, ఎఱుపు వన్నెల నిచ్చుట భూశాస్త్రమునకు తెలిసిన ధర్మమే. ఆ కారణము చెప్పినంతమాత్రమున కథ చెడదు, కథ విన్నంతమాత్రమున కారణము చెడదు. పరిశోధకుడు రెండింటిని వేఱువేఱుగా వ్రాసికొనవలెను. దుమ్ము, పాక, ఱెక్క అను మాటలు రామకథనుండి ఊళ్ళకు వచ్చినవో, ఊరిపేళ్ళనుండి రామకథ అల్లబడినదో నిర్ణయించుట తరువాతి పని. మొదటి పని చెప్పినవారి మాటను చెప్పినట్లు గ్రహించుట.

ఆధునికసాహిత్యమున విశ్వనాథ సత్యనారాయణ రచించిన ‘కిన్నెరసాని పాటలు’ ఈ శిలాభూమికి కలిగిన గొప్ప అదృష్టము. అత్తింటి బాధకు తాళలేక అడవిలో నీరై పాఱిన కిన్నెర, ఆమెను పట్టుకొనబోయి రాయియైన భర్త ఆ కావ్యమునకు జీవము. పాల్వంచ ప్రాంతమున కిన్నెరసాని వాగు బండలనడుమ ప్రవహించుటను చూచినవారికి ఆ కల్పన భూస్వరూపమునుండియే పుట్టినదని తోచును. నీరు పోవుచుండును, రాయి నిలిచియుండును. ఇట్టి స్థలముల ఛాయాచిత్రములను కావ్యముతో చేర్చి పాఠము చెప్పిన ఉపాధ్యాయునకు వివరణము సగము తగ్గును.

7. మిత్రబృందము: పనుల పంపకము

యాత్రకు తోడు కావలెననుట మనకు కొత్త విషయము కాదు. 1830–31లలో కాశీయాత్ర చేసిన ఏనుగుల వీరాస్వామయ్య సుమారు నూఱుమంది పరివారముతో పోయెను. చూచినదానిని ఏనాటి కానాడు వ్రాసి చెన్నపట్టణమునందలి మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళకు పంపుచువచ్చెను. ఆ మిత్రుడే 1838లో దానిని గ్రంథముగా ప్రకటించెను. ఆ గ్రంథము మనకు దక్కుటకు పోయిన మిత్రుడెంత కారణమో నిలిచిన మిత్రుడంత కారణము.

ఛాయాచిత్రయాత్రయందు నలుగురైదుగురు మిత్రులున్న చాలును. ఒకరు చిత్రము తీయవలెను. ఒకరు ఊరివారితో మాటలాడి పేళ్ళను కథలను సేకరింపవలెను. ఒకరు ప్రతి చిత్రమునకు సంఖ్య, దినము, వేళ, తీసిన దిక్కు వ్రాయవలెను. ఒకరు కొలతలు చూడవలెను. అందఱును చిత్రము తీయువారే యైనచో ఒకే రాతికి నలువది చిత్రములుండును గాని దాని పేరు ఒక్కరికిని తెలియదు. చేతిఫోను వచ్చిన పిమ్మట ఇది తఱచుగా కనబడుచున్నది. మిత్రులలో ఒకరైనను ఆ ప్రాంతపు మాట తెలిసినవారుండుట మేలు. స్త్రీలుకూడ బృందమున నున్నచో ఊరి స్త్రీలు ఎక్కువగా మాటలాడుదురు. నీటిరేవులు, దుంపలు, వంటచెఱకు సంబంధించిన స్థలనామములు వారికే బాగుగా తెలియును.

ఈ పద్ధతికి ఆదర్శముగా క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ కృషిని చెప్పవచ్చును. ఆయన భార్యతోకూడ 1940ల ఆరంభమున పాపికొండలలో కొండరెడ్ల నడుమ నివసించి, 1945లో ‘బైసన్ హిల్స్ రెడ్లు’ అను గ్రంథమును ప్రకటించెను. ఆ దంపతుల ఛాయాచిత్రములు నేడు లండనులోని ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయన సంస్థయందు భద్రముగా గలవు. ఊరు, జనము, సందర్భము తెలిసిన చిత్రములగుటచే అవి నేటికిని పరిశోధకులకు పలుకుచున్నవి. అంతకు పూర్వము 1870ల దశకమున దుమ్ముగూడెమునందలి మతప్రచారకుడు జాన్ కెయిన్ భద్రాచలము, రేకపల్లి తాలూకాలనుగూర్చి ‘ఇండియన్ ఆంటిక్వెరీ’లో వ్రాసిన వ్యాసములు ఈ చిత్రములకు మాటతోడుగా నుపకరించును.

చలనచిత్రములను కూడ మఱువరాదు. రాజమహేంద్రవరమునుండి భద్రాచలమునకు లాంచిలో సాగు ప్రయాణమే కథగా గల బాపు ‘అందాల రాముడు’ 1973లోను, శేఖర్ కమ్ముల ‘గోదావరి’ 2006లోను వచ్చెను. వినోదమునకై తీసినవే యైనను ఆయా సంవత్సరములందలి నదీతీరమునకు అవి సాక్ష్యములు. వీనినుండి గట్టులు, రేవులు, గుట్టలు గుర్తించి పట్టిక వ్రాయుట ఒక విద్యార్థికి తగిన పరిశోధనాంశము.

8. వెలుతురు, వేళ, మర్యాద

శిలాచిత్రణమున ప్రధానమైనది వెలుతురు. మధ్యాహ్నమున సూర్యుడు నడినెత్తిన నుండుటచే రాతి మిట్టపల్లములు చదునై కనబడును. ఉదయము తొలిజామున, సాయంకాలము కడజామున ఏటవాలుగా పడు ఎండ చిన్న గీతనుకూడ నీడతో ఎత్తి చూపును. రాతిపై తొలిచిన గీతలకు ఇది మిక్కిలి ముఖ్యము. రంగుతో వ్రాసిన బొమ్మలకు మాత్రము నీడపట్టున సమముగా పడు వెలుతురు మేలు. బొమ్మ స్పష్టముగా కనబడుటకై నీళ్ళు చల్లుట, సున్నపుబలపముతో గీయుట కొందఱికి అలవాటు. ఇది రంగును చెఱచును. ఎన్నడును చేయరాదు.

కాలమునుబట్టియు రూపము మాఱును. వర్షాకాలమున రాయి నల్లబడి అడవి కమ్ముకొనును. కార్తికమునుండి మాఘమువఱకు గాలి నిర్మలముగా నుండును. వేసవిలో ఆకు రాలి గుట్టల ఎముకలు బయటపడును, గోదావరి తగ్గి నదీగర్భమునందలి బండలు తేలును. ఈ బండలకు ప్రత్యేక చరిత్ర గలదు. పందొమ్మిదవ శతాబ్దిలో ఎగువగోదావరిలో పడవలు నడుపుటకు యత్నించిన ఇంజనీర్లకు దుమ్ముగూడెమునందలి బండలవరుస మొదటి ఆటంకమయ్యెను. ఆనకట్టయు కాలువయు తలపెట్టి పెక్కు వ్యయము చేసియు ఆ పథకమును 1871లో విరమించిరి. ఒక రాజ్యపు పడవబాటను ఆపిన బండలను వేసవియందే చూడనగును. కావున ఒకే స్థలమును మూడు కాలములందును చిత్రించుట యుక్తము. చిత్రమున ఒక కొలకఱ్ఱయైనను, ఒక మనిషియైనను ఉన్నచో పరిమాణము తెలియును.

మర్యాదను గూర్చి రెండు మాటలు. దేవరబండలవద్ద ఊరిపెద్దను అడుగక చిత్రము తీయరాదు. కూడదనినచో మానుకొనవలెను. ఆ నిషేధమే వ్రాసికొనదగిన విషయము. కొండరెడ్లను కోయలను రాతికి అలంకారముగా నిలిపి తీయుట తగదు. వారి పేరు, అనుమతి తీసికొని, చిత్రప్రతిని వారికి చేర్చుట బాకీ తీర్చుటవంటిది. కిన్నెరసాని అభయారణ్యములోను, పాపికొండల జాతీయోద్యానములోను అటవీశాఖ అనుమతి అవసరము. నదిని గూర్చి జాగ్రత్త మఱింత అవసరము. 2019 సెప్టెంబరు 15న పాపికొండల యాత్రలో కచ్చులూరువద్ద పడవ మునిగి సుమారు ఏబదిమంది ప్రాణములు పోయినవి. వరదనీటియందు చిత్రముకొఱకు నదికి పోవుట సాహసము కాదు, అవివేకము.

9. మునిగిపోవుచున్న శిలలు

ఇంతవఱకు చెప్పిన పద్ధతులు ఎప్పుడైనను తీరికగా అనుసరింపవచ్చునని తలంచుటకు వీలు లేదు. గోదావరి వరదలు ఈ సీమకు కొత్త కావు. భద్రాచలమువద్ద 1986 ఆగష్టులో నీటిమట్టము 75.6 అడుగులకును, 2022 జూలైలో 71.3 అడుగులకును చేరెను. అయితే వరద వచ్చి పోవును. జలాశయము వచ్చి నిలుచును. పోలవరము జలాశయపు పూర్తిమట్టము 150 అడుగులు. ఆ మట్టమునకు నీరు నిలిచినప్పుడు పాపికొండల లోయలోను, శబరీసంగమమువద్దను గట్టున నున్న రేవులు, బండలు, గ్రామములు నీటిక్రిందికి పోవును. 2021లో నదిని మళ్ళించిన పిమ్మట దేవీపట్నము మున్నగు ఊళ్ళకు దాని అనుభవము కలిగెను.

ఆనకట్ట మంచిచెడులను నిర్ణయించుట ఈ వ్యాసమునకు విషయము కాదు. ఇట చెప్పవలసిన దొక్కటియే. కొండ ఎత్తైనది గనుక శిఖరము మిగులును. మునుగునది పాదము. గుట్టలకు పెద్దపేళ్ళుండును, అవి పటములలో నెక్కియున్నవి. గట్టునందలి బండలకు, రేవులకు, ఒఱ్ఱెలకు గల చిన్నపేళ్ళు ఊరివారి నోట మాత్రమే యున్నవి. ఊరివారు పునరావాసగ్రామములకు తరలినప్పుడు ఆ పేళ్ళను వాడుటకు అవసరమే లేకుండపోవును. ఒక తరము గడచునప్పటికి మాట మాయమగును. రాయి నీటిక్రింద నుండియు పోదు. దాని పేరే పోవును.

ఖమ్మము వైపున మార్గము వేఱు, ఫలము ఒక్కటియే. నల్లసేనపు రాతికి విపణిలో గిరాకి హెచ్చుటచే గుట్టలు పలకలై పోవుచున్నవి. హైదరాబాదులో 1996లో ఏర్పడిన శిలాపరిరక్షణసంఘము ఆదివారముల శిలాయాత్రలు జరిపి, చిత్రములను ప్రదర్శించి, కొన్ని శిలాసమూహములను నగరపు వారసత్వసంపదలో చేర్పించెను. రచయిత నరేంద్ర లూథర్ ఆ ఉద్యమమునకు తోడై రాళ్ళపై చలనచిత్రమును నిర్మించెను. మిత్రులు కలిసి నడచుట, చిత్రము తీయుట అను చిన్న పనులనుండియే ఆ ఫలము కలిగెను. అట్టి యత్నము అరణ్యసీమకు ఇంకను విస్తరింపవలసియున్నది.

10. ఉపసంహారము

పై పరిశీలనమునుండి తేలిన అంశములు ఇవి. ఛాయాచిత్రము విశేషమును చూపును గాని నామమును చెప్పదు. నామము లేని చిత్రము, కాటాపురపు శిలలవిషయమున జరిగినట్లు, పండితుని సయితము దారి తప్పించును. జిల్లాపేళ్ళు మాఱుచుండును గనుక స్థలమును నదితోడను గుట్టతోడను ముడిపెట్టవలెను. శాస్త్రకారణమును స్థలకథను వేఱువేఱుగా గ్రహింపవలెను. ఈ పనులన్నియు ఒక్కని చేతిమీదుగా సాగవు, పనిని పంచుకొన్న మిత్రబృందమునకే సాధ్యములు.

తెలుగుశాఖలు ఏటేట విద్యార్థులను విహారయాత్రలకు కొనిపోవుచునే యున్నవి. ఆ యాత్రలలో ఒక్కదానిని కూనవరము, రేకపల్లి, శ్రీరామగిరి, పేరంటాలపల్లి గట్టులకు మరల్చి, ప్రతి విద్యార్థికి పది బండలను అప్పగించి, ఒక్కొక్కదానికి ఒక చిత్రమును, పేరును, చెప్పినవారి మాటను తెమ్మనుట కష్టమైన పని కాదు. ముప్పదిమంది విద్యార్థులు మూడువందల పేళ్ళను తెత్తురు. పునరావాసగ్రామములకు చేరిన వృద్ధులయొద్దకు పాత చిత్రములను కొనిపోయి చూపినను అనేకనామములు బయటపడును. చిత్రమును చూచినప్పుడు వారి నోట మాట తనంతట వచ్చును. ఆ వృద్ధులు ఉన్నంతకాలమే ఈ అవకాశము.